వాస్తవ పరిస్థితుల్లో రిసెప్షన్

గంధం వీరభద్రం సెలవు చీటీలో సెలవెందుకో రాశాడు. జ్వరమనో, మోకాళ్ళ నొప్పులనో రాసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. “మా అమ్మాయి పెళ్ళి, ఆ తరువాత కాకినాడలో రిసెప్షన్” అని ఉన్నదున్నట్టు రాసి ఆఫీసులో ఇచ్చి, ఇంటికి వెళ్ళి కందిపొడి కలుపుకుని అన్నం తిని హాయిగా పడుకున్నాడు.

ఆయన కాకినాడలో కొబ్బరి పీచు ఉత్పత్తుల సమాఖ్యలో కొనుగోళ్ళ సూపరింటెండెంటు. కోనసీమ రైతుల దగ్గర పీచు కొని, తాళ్ళూ చాపలూ నేయించి అమ్మడం సమాఖ్య పని. అమ్మడం సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోరు గానీ కొనడం మాత్రం చాలా పద్ధతిగా జరుగుతుంది. మూడు కొటేషన్లు లేనిదే వీరభద్రం గుండుసూది కూడా కొననివ్వడు. ఇంట్లో మాత్రం కొనేదీ బేరమాడేదీ ఆయన భార్య సత్యవేణి. ఆవిడ వెంట సంచీ పట్టుకుని నడవడమే ఆయన వంతు.

కూతురు ప్రణవికి తుని సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు సుహాస్, నెమ్మదైన పిల్లవాడు. పెళ్ళి అన్నవరం కొండమీద రెండు వైపులా కొద్దిమందితో చేసి, మూడోనాడు కాకినాడలో ఆడపెళ్ళివారు అందరినీ పిలిచి రిసెప్షన్ ఇవ్వాలని అనుకున్నారు. ఆ రిసెప్షన్ కోసమే భార్యాభర్తలిద్దరూ హంసతూలిక అనే హోటలుకు వెళ్ళారు. మేనేజరు ఫణీంద్ర టై కట్టుకుని, ఏసీ గదిలో కూర్చోబెట్టి, ప్లేటు ధర చెప్పాడు.

“అంతా?” అంది సత్యవేణి. “తిన్నాక ఆ ప్లేటు మాకే ఇచ్చేత్తారేంటండి?”

“లేదు మేడమ్. అందులో వెల్కమ్ డ్రింకు కూడా ఉందండి.”

“వచ్చినోళ్ళకి మంచినీళ్ళు మేవిచ్చుకుంటాం. అది తీసెయ్యండి.”

“లైవ్ కౌంటర్లు ఉన్నాయి మేడమ్. దోసె మీ ఎదురుగానే వేస్తాం.”

“లోపలేస్తే తక్కువవుద్దా? అయితే లోపలే వెయ్యండి. మేం చూడం.”

గంట తిరిగేసరికి ఫణీంద్ర టై వదులు చేసుకున్నాడు. ధర ఇద్దరికీ సమ్మతమైన చోటికి దిగింది. పెరుగావడ ఉచితం అన్నాడు. సోమవారం వచ్చి అడ్వాన్సు ఇస్తామని చెప్పి లేచారు.

సోమవారం పొద్దున్నే ఎం.డి. గారి నుంచి కబురొచ్చింది.

ఎం.డి. సర్వోత్తమరావు గారు అంతకు ముందువారమే ఒక కొండ ప్రాంతంలో శిక్షణకు వెళ్ళివచ్చారు. శిక్షణ పేరు సామూహిక బేరసారాల విజ్ఞానం. అక్కడ చలికి ఆయనకు గొంతు పట్టింది గానీ విజ్ఞానం మాత్రం నిండుగా ఎక్కింది. వీరభద్రం సెలవు చీటీ ఆయన ఎదుట ఉంది. దానిలో రిసెప్షన్ అన్న మాట కింద ఆకుపచ్చ సిరాతో గీత ఉంది.

“కూర్చోండి. రిసెప్షన్ నిమిత్తం హోటలు వారితో సంప్రదింపులు జరిపారా?”

“జరిపేమండి. నేనూ మా ఆవిడా వెళ్ళేం. బాగానే తగ్గించేరండి.”

“ఏ హోదాలో జరిపారు?”

వీరభద్రానికి ప్రశ్న అర్థం కాలేదు. “ఆడపిల్ల తండ్రినండి,” అన్నాడు.

“అదీ బలహీనత,” అన్నారు ఎం.డి. గారు జాలిగా. “హోటలు ఒక వ్యవస్థ. తండ్రి ఒక వ్యక్తి. వ్యవస్థతో వ్యక్తి బేరమాడరాదు. మన సమాఖ్యలో వందలాది ఉద్యోగులున్నారు. వారందరికీ సంతానం ఉంది. ఆ సంతానానికి వివాహాలు అనివార్యం. ఆ వివాహాలన్నిటి బలాన్నీ ఒకచోట చేర్చి, ఒకే గొంతుతో అడిగితే హోటళ్ళు ఏమవుతాయి?”

“ఏమవుతాయండి?”

“దారికొస్తాయి. కావున ఉద్యోగుల కుటుంబ శుభకార్యాల కేంద్రీకృత దర నిర్ణయ పథకాన్ని నేటి నుంచి అమలు చేస్తున్నాం. మీ అమ్మాయి రిసెప్షన్‌ను ప్రయోగాత్మక శుభకార్యంగా ఎంపిక చేశాను. అభినందనలు.”

వీరభద్రం పదోన్నతి ఫైలు మూడు నెలలుగా ఆ బల్లమీదే ఉంది. అది కనబడుతూనే ఉంది. “ఇంట్లో అడిగి చెప్తానండి,” అన్నాడు నెమ్మదిగా. అంగీకారం తెలిపారని ఎం.డి. గారు రాసుకున్నారు. ఆ తరువాత హంసతూలికకు తామే ఫోను చేసి, శ్రీ వీరభద్రం గారు అనధికారికంగా జరిపిన సంప్రదింపులు చెల్లవని తెలియజేశారు. పెరుగావడతో సహా.

సత్యవేణి ఈ సంగతంతా వింది. “మీరేవన్నా అన్నారా?” అని మాత్రం అడిగింది.

“అనేలోపే అయిపోయింది,” అన్నాడు వీరభద్రం.

కమిటీ వేశారు. ఎం.డి. గారు అధ్యక్షులు. అకౌంట్స్ ఆఫీసరు కూర్మారావు గారు సభ్యులు. ఈయన ఏ కాగితాన్నయినా రెండో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టే మనిషి, తప్పులు అక్కడే దాక్కుంటాయని ఆయన అనుభవం. కొనుగోళ్ళ సూపరింటెండెంటు కాబట్టి వీరభద్రమే కన్వీనరు. అయితే శుభకార్యం ఆయన ఇంటిదే కాబట్టి చర్చ జరిగేటప్పుడు గదిలో ఉండకూడదన్నారు. చర్చ మొదలవగానే బయటికి వెళ్ళాలి, ముగిశాక లోపలికి వచ్చి ఏం చర్చించారో రాయాలి. వీరభద్రం వరండాలో పీచు కట్టల మధ్య నిలబడి లోపలి మాటలు తలుపు సందులోంచి విని రాసుకునేవాడు. అలా వినడం నిబంధనలకు విరుద్ధమని కూర్మారావు గారు ఒకసారి అభ్యంతరం చెప్పారు గానీ, వినకుండా రాయడం అంతకన్నా విరుద్ధమని తేలింది.

మొదటి సమావేశం మొత్తం ప్లేటు మీదే నడిచింది.

“ప్లేటు అంటే పాత్ర,” అన్నారు కూర్మారావు గారు. “ప్లేటుకింత అంటే పాత్ర కొంటున్నామా, అందులోని పదార్థం కొంటున్నామా? పదార్థమయితే ఎంత? ఒక అతిథి మూడుసార్లు వడ్డించుకుంటే ఒక ప్లేటా, మూడా? రేపు ఆడిట్ వారడిగితే నేనేం చెప్పాలి?”

“మనం పీచు ఎలా కొంటాం?” అని అడిగారు ఎం.డి. గారు.

“కాటా వేసి కొంటాం.”

 తలుపు వెనక వీరభద్రం రాయడం ఆపేశాడు.

“లోపలికి వచ్చేటప్పుడు అతిథి బరువు, బయటికి వెళ్ళేటప్పుడు అతిథి బరువు,” అన్నారు ఎం.డి. గారు, శిక్షణలో కూడా ఎవరికీ తట్టని సంగతి తనకు తట్టిందన్న తృప్తితో. “రెండింటి మధ్య తేడా ఎంతో అంతకే చెల్లింపు. ఇంతకన్నా పారదర్శకత ఏముంది?”

ఆ తరువాతి వారం హోటళ్ళవారిని పిలిచి సందేహ నివృత్తి సమావేశం పెట్టారు. ముగ్గురు వచ్చారు. హంసతూలిక నుంచి ఫణీంద్ర, మణిమంజరి ప్యాలెస్ నుంచి ఒక ప్రతినిధి, బస్టాండు దగ్గర ఆతిథ్యమిత్ర నడిపే నూకరాజు. సమాఖ్య ఉద్యోగుల పెళ్ళిళ్ళన్నీ ఒక్కరికే దక్కుతాయని ప్రకటనలో ఉంది కాబట్టి ముగ్గురి ముఖాల్లోనూ ఆశ ఉంది. కాటా సంగతి విన్నాక ఫణీంద్ర మంచినీళ్ళు అడిగాడు. నూకరాజు మాత్రం తల గోక్కుని లేచాడు.

“నాదొక డౌటండి. వచ్చినాయన చేతిలో గిఫ్టు పేకెట్టుంటదండి. కుక్కరో, గడియారమో. అది పెళ్ళికూతురికిచ్చి, ఉత్త చేతుల్తో బయటికొత్తాడు. తిన్నా కూడా బరువు తగ్గుద్ది కదండి. అప్పుడు మేమే మీకు డబ్బు కట్టాలాండి?”

కూర్మారావు గారు తీవ్రంగా ఆలోచించారు. “పీచులో తేమకు తరుగు తీస్తాం. ఆ రీతిగానే గిఫ్టుకు తరుగు తీయవచ్చు.”

“తినకుండా అక్షింతలేసి పోయేవోళ్ళో?”

“వారు అతిథుల కిందికి రారు,” అన్నారు ఎం.డి. గారు. “సందర్శకుల కిందికి వస్తారు.”

ఇవన్నీ చేర్చి షరతుల పత్రం తయారైంది. అందులో ఒక షరతు ప్రకారం ధర రాసి సీలు వేసిన కవర్లు తెరిచే ముందు ప్రతి హోటలూ తన సొంత ఖర్చుతో, వాస్తవ పరిస్థితుల్లో, నమూనా భోజనం చూపించాలి. పీచు కొనేటప్పుడు కూడా ముందు నమూనా కట్ట ఉచితంగానే తెప్పిస్తారు కనుక కమిటీ దీన్ని చర్చ లేకుండానే ఆమోదించింది.

ఇంతలో శుభలేఖలు అచ్చు వేయించాల్సిన రోజులొచ్చాయి. రిసెప్షన్ ఎక్కడో తెలియదు. వీరభద్రం కమిటీని అడిగాడు. నిర్ణయం కానప్పుడు పేరు వేయడం పక్షపాతం అవుతుందని కూర్మారావు గారు చెప్పి, తామే ఒక వాక్యం సూచించారు. వీరభద్రం ఆ కాగితం పట్టుకుని ప్రెస్సుకు వెళ్ళాడు. ప్రెస్సతను కళ్ళజోడు సరిచేసుకుని చదివాడు.

“వేదిక, సమర్థాధికారి ఆమోదానికి లోబడి... సమర్థాధికారి అంటే ఎక్కడండి? కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలా?”

“ఇంకా కట్టలేదు,” అన్నాడు వీరభద్రం. శుభలేఖలు అచ్చు వేయించకుండానే తిరిగి వచ్చేశాడు.

ఆ ఆదివారం వియ్యంకుడు సలాది గోపాలస్వామి తుని నుంచి వచ్చాడు. ఆయన రైల్వే క్యాంటీన్లలో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. తెల్లటి చొక్కా, కొలిచినట్టున్న మాట. సత్యవేణి పెసరట్లు వేసి పెట్టింది. తిని, చేయి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ అడిగాడు.

“బావగారూ, మా వైపు నుంచి రెండు బస్సుల జనం వస్తారు. కాకినాడ రావాలని చెప్పేను. కాకినాడలో ఎక్కడికి రావాలో మీరు చెప్పాలి.”

“అదేనండి బావగారూ, రేపో ఎల్లుండో తేలిపోద్దండి.”

“పోయిన ఆదివారం కూడా అలాగే అన్నారు,” అన్నాడు గోపాలస్వామి. కోపంగా అనలేదు. అలా అనకపోవడమే వీరభద్రానికి ఎక్కువ నొప్పి కలిగించింది. “మీకేదన్నా ఇబ్బంది ఉంటే మొహమాటపడకండి. మా తునిలోనే చేసేసుకుందాం. మీరొచ్చి నాలుగక్షింతలెయ్యండి చాలు.”

తన కూతురి రిసెప్షన్‌కు తాను అక్షింతలు వేసి వచ్చేవాడు కావడం వీరభద్రం తట్టుకోలేకపోయాడు. వియ్యంకుణ్ణి బస్సెక్కించి తిన్నగా హంసతూలికకు వెళ్ళాడు. పదోన్నతి పోతే పోనీ, సొంతంగా అడ్వాన్సు ఇచ్చేద్దామనుకున్నాడు.

ఫణీంద్ర ఆయన్ను చూడగానే గోడవైపు తిరిగాడు.

“ఫణీంద్ర గారూ.”

ఫణీంద్ర అక్కడున్న పూలకుండీని చూస్తూ మాట్లాడాడు. “కవర్లు తెరిచేదాకా లబ్ధిదారుడి కుటుంబంతో మాట్లాడితే మా హోటలు అనర్హం అయిపోతుందని షరతు ఉంది. ఎవరన్నా వచ్చి అడిగితే ఈ మాట చెప్పమ్మా,” అన్నాడు కుండీతో.

“ఆ షరతు రాసింది నేనేనండి.”

“బాగా రాశారని కూడా చెప్పు,” అన్నాడు ఫణీంద్ర మొక్కతో. తిరిగి చూడలేదు.

మర్నాడు వీరభద్రం ధైర్యం చేసి ఎం.డి. గారి దగ్గరికి వెళ్ళి, పథకం నుంచి తప్పించమని బతిమాలాడు. ఎం.డి. గారు చెంచాతో తేనె నాకుతున్నారు, గొంతు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

“ప్రయోగంలో ఉన్న వస్తువు తనంతట తాను ప్రయోగం నుంచి వైదొలగడం శాస్త్రసమ్మతం కాదు,” అన్నారు. “అయినా మీ ఆందోళన నాకు అర్థమైంది. ముహూర్తాన్ని ఆర్థిక సంవత్సరం చివరికి జరిపే అవకాశం ఉందేమో చూడండి.”

ఆ రాత్రి భోజనాలయ్యాక వీరభద్రం మంచం మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే షరతులన్నీ ఒక్కొక్కటీ అప్పజెప్పడం మొదలుపెట్టాడు. పాపం, ఆయనకు అవి నోటికొచ్చేశాయి. ప్రణవి గోరింటాకు ఎండబెట్టుకుంటూ వింటోంది. సత్యవేణి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“ఆగండాగండి,” అంది సత్యవేణి. “మళ్ళీ చెప్పండి. వాస్తవ పరిస్థితుల్లో అంటే?”

“అంటే నిజంగా రిసెప్షన్ జరిగితే ఎలా ఉంటదో అలాగ. హాలు, లైట్లు, మైకు, భోజనాలు.”

“ఎంతమందికి?”

“మనం ఎంతమందిని పిలుస్తామో అంతమందికీ. అలాగే రాసేం.”

“మరి తినేవాళ్ళెవరు?”

“అదింకా తేలలేదు. పీచు గోడౌను కూలీలను పంపుదామనుకుంటున్నారు.”

ప్రణవి గోరింటాకు చేతులు గాల్లో పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. “గోడౌను కూలీలు తింటే అది వాస్తవ పరిస్థితి ఎలాగవుద్ది నాన్నా? చుట్టాలు తినాలి. స్టేజీ మీద పెళ్ళికూతురుండాలి. లేకపోతే ఉత్త భోజనం.”

వీరభద్రం కూతురివైపు చూశాడు, భార్యవైపు చూశాడు. సత్యవేణి చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. “తేదీ కూడా వాస్తవంగా ఉంటే మంచిది కదండి,” అంది.

మర్నాడు ఆయన ఒక నోటు పెట్టాడు. పీచు నాణ్యతను పీచు వాడేవారే చెప్పగలరు, అలాగే రిసెప్షన్ నాణ్యతను చెప్పాల్సింది అంతిమ వినియోగదారులయిన వధూవరులూ వారి బంధుమిత్రులే, కనుక నమూనా ప్రదర్శన వారి సమక్షంలో, వారికి వీలున్న ఫలానా తేదీ సాయంత్రం జరపడం సముచితం. కూర్మారావు గారు రెండో పేజీ నుంచి చదివారు. రెండో పేజీ లేదు. కాబట్టి అభ్యంతరం కూడా లేకపోయింది. ఎం.డి. గారు ఆకుపచ్చ సిరాతో “అత్యుత్తమం” అని రాశారు. లాటరీ తీస్తే మొదటి నమూనా ఆతిథ్యమిత్ర నూకరాజుకు వచ్చింది. శుభలేఖలు అచ్చయ్యాయి. ప్రెస్సతను ఈసారి ఏమీ అడగలేదు, చిరునామా అతనికి తెలిసినదే.

పెళ్ళి అన్నవరంలో చక్కగా జరిగింది. దాంట్లో కమిటీ లేదు.

మూడోనాడు సాయంత్రం ఆతిథ్యమిత్ర హాలు చామంతి దండలతో వెలిగిపోయింది. తుని నుంచి రెండు బస్సులూ వచ్చాయి. ద్వారం దగ్గర సమాఖ్య గోడౌను నుంచి తెచ్చిన పెద్ద కాటా పెట్టి ఉంది. దానిపక్కన సమాఖ్య బంట్రోతు మైకుతో నిలబడ్డాడు, గోడౌనులో బరువులు అరిచి చెప్పడం అలవాటు కాబట్టి అతన్నే వేశారు. మొదట ఎక్కింది సత్యవేణి అక్కగారు, సామర్లకోట నుంచి వచ్చిన పెద్దావిడ. పన్నీరు చల్లే ఏర్పాటనుకుని నవ్వుతూ ఎక్కింది. ఆవిడ బరువు హాలంతా వినబడింది.

ఆవిడ దిగింది. మైకు లాక్కుంది. “నా బరువు మా ఆయనక్కూడా తెలీదు,” అని బంట్రోతుతో అన్న మాట కూడా హాలంతా వినబడింది. వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు ఒక్కరు కూడా ముందుకు కదలలేదు. వియ్యపురాలు చీర కుచ్చిళ్ళు పట్టుకుని బస్సువైపు తిరిగింది. అప్పుడు సత్యవేణి గబగబా వచ్చి, కాటా మీద పట్టు దుప్పటి పరిచి, నాలుగు చామంతి దండలు చుట్టి, “గిఫ్టులు ఇక్కడ పెట్టండి, ఇదే పద్ధతి,” అని ప్రకటించింది. అందరూ గిఫ్టులు దానిమీద పెట్టి లోపలికి నడిచారు. చివరికి కమిటీకి అందిన లెక్క గిఫ్టుల మొత్తం బరువు ఒక్కటే.

తిన్నవారందరికీ మార్కుల చీటీలు పంచారు. చాలామంది వాటిలో కిళ్ళీ చుట్టుకున్నారు. గోపాలస్వామి మాత్రం చీటీ చేతికి రాగానే మారిపోయాడు. చొక్కా చేతులు మడిచి, గుత్తి వంకాయ దగ్గర మొదలుపెట్టి, పనసపొట్టు కూర, పులిహోర, బొబ్బట్టు ఒక్కొక్కటీ రుచి చూసి, వంట పొయ్యి దాకా వెళ్ళి చూసి వచ్చాడు. ఎం.డి. గారు ఆయన్ను గమనించి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“తమరి అభిప్రాయం?”

“వంకాయలో కారం అరనిమిషం ముందు పడింది. పులిహోర బాగుంది. మామిడిపండు ఐస్‌క్రీములో మామిడిపండు లేదు,” అన్నాడు గోపాలస్వామి. ఎం.డి. గారు అక్కడికక్కడే ఆయన్ను బాహ్య నిపుణుడిగా నియమించారు. రిటైరయ్యాక ఎవరూ ఏ ఉద్యోగమూ ఇవ్వని మనిషి. ఆయన మెడ నిటారుగా అయింది.

స్టేజీ మీద ప్రణవి సుహాస్‌తో ఏదో చెప్పి నవ్వుతోంది. వీరభద్రం కింద నిలబడి చూశాడు. ఎన్నో వారాలుగా గుండెమీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయినట్టయింది. బొబ్బట్టు మీద నెయ్యి ఇంకొంచెం వేయించుకున్నాడు.

మర్నాడు ఆఫీసుకు స్వీట్లు పట్టుకు వెళ్ళేసరికి కూర్మారావు గారి అభ్యంతరం సిద్ధంగా ఉంది.

ముగ్గురు పోటీదారులుండగా ఒకరి నమూనానే చూడడం సమానత్వానికి విరుద్ధం. మిగిలిన రెండు హోటళ్ళలోనూ నమూనా చూడాలి. పోలిక సక్రమంగా ఉండాలంటే పరిస్థితుల్లో ఎటువంటి మార్పూ ఉండరాదు. ఆ వధూవరులే, ఆ దుస్తులే, ఆ అతిథులే, ఆ గిఫ్టులే.

“గిఫ్టులు ఇచ్చేసేరు కదండి,” అన్నాడు వీరభద్రం.

“తిరిగి ఇచ్చివేయండి. వారు మళ్ళీ ఇస్తారు.”

ఇంటికి వెళ్ళి చెప్పడానికి వీరభద్రం భయపడ్డాడు గానీ కబురు తెలిసిన చుట్టాలు ఎవరూ బాధపడలేదు. సామర్లకోట పెద్దావిడ, కాటా లేకపోతే వస్తానని షరతు పెట్టింది. కొత్త దంపతులు అరకు వెళ్ళాల్సింది. టిక్కెట్లు రద్దు చేసుకున్నారు. పట్టుచీర చాకలి నుంచి ఉదయం వచ్చి సాయంత్రం మళ్ళీ మణిమంజరి ప్యాలెస్ స్టేజీ ఎక్కింది. వీరభద్రం పినతండ్రి కొడుకు ఒకడు తిరిగొచ్చిన గోడ గడియారం ఇంట్లో తగిలించేసుకుని, దానికి బదులు చిన్న టేబులు గడియారం తెచ్చాడు. కూర్మారావు గారు ద్వారం దగ్గరే పట్టుకుని వెనక్కి పంపారు. మొదటిసారి సుహాస్ స్టేజీ మీద రెండుసార్లు తుమ్మాడని, ఈసారి తుమ్మలేదని కూడా ఆయన రాసుకున్నారు.

మణిమంజరిలో గోపాలస్వామి సాంబారు వెనక్కి పంపించాడు. హంసతూలికలో వంటవాడికి ఉప్మా పెసరట్టు తిరగెయ్యడం చూపించాడు. మూడోసారికి తుని నుంచి మూడు బస్సులొచ్చాయి. ఫణీంద్ర ఈసారి వీరభద్రాన్ని సూటిగా చూసి నమస్కారం పెట్టాడు, పరీక్ష సమయంలో మర్యాద అనుమతించబడుతుందట.

ఆ సాయంత్రం ప్రణవి తండ్రిని పక్కకు పిలిచింది. మెడలో దండ వాడిపోయి ఉంది. “నాన్నా, నేను కాపురానికెప్పుడెళ్ళాలి? అత్తయ్యగారు నిన్న నన్ను ఏ ఊరే మీదని అడిగేరు, సరదాగానే. కానీ నవ్వలేకపోయేను.”

వీరభద్రం తిన్నగా ఎం.డి. గారు కూర్చున్న చోటికి వెళ్ళాడు. ఆయన చేతిలో ఐస్‌క్రీము ఉంది.

“నాలుగో హోటలు పెట్టొద్దండి,” అన్నాడు. “పెడితే మా అమ్మాయి రాదండి. పదోన్నతి ఫైలు మీ ఇష్టం.”

సర్వోత్తమరావు గారు ఆయన్ను ఆశ్చర్యంగా చూశారు. “నాలుగోదా? నాలుగోది లేదే. మూడే కొటేషన్లు. మనకు నిబంధనలంటూ ఉన్నాయి కదండీ,” అన్నారు.

ప్రణవి మర్నాడే తుని వెళ్ళిపోయింది.

పదిహేను రోజులకు కమిటీ తుది ఉత్తర్వు వచ్చింది. మూడు నమూనాలూ సంతృప్తికరంగా ఉన్నవి. అయితే ఉద్దేశించిన శుభకార్యం యొక్క ప్రయోజనం నమూనా దశలోనే మూడు పర్యాయములు నెరవేరినందున, రిసెప్షన్ జరపవలసిన అవసరం ప్రస్తుతం కనబడుటలేదు. కావున ధర కవర్లు తెరవకుండానే భద్రపరచడమైనది. దీనివల్ల సమకూరిన ఆదా నూటికి నూరు శాతం. ఈ ఆదా గురించి ప్రసంగించడానికి ఎం.డి. గారిని మళ్ళీ ఆ శిక్షణ జరిగిన కొండ మీదికి పిలిచారు. ఈసారి మఫ్లరు పట్టుకెళ్ళారు. హంసతూలిక ఎదుట “ప్రభుత్వ పరీక్షకు నిలిచిన భోజనం” అని బోర్డు వెలిసింది, గిరాకీ పెరిగిందని విన్నాం. మణిమంజరివారు ఫలితం ఎప్పుడని వారం వారం ఉత్తరం రాస్తూనే ఉన్నారు. ఆఫీసులో పెళ్ళీడు పిల్లలున్న వారందరూ తమను కూడా ప్రయోగించమని దరఖాస్తులు పెట్టుకున్నారు.

ఇన్నిటి మధ్య వీరభద్రానికి మాత్రం తిన్నది అరగలేదు. పెద్ద హోటళ్ళు ఎలాగోలా తట్టుకుంటాయి, బస్టాండు దగ్గరి నూకరాజు సంగతేమిటి? రిసెప్షన్ కోసం దాచిన సొమ్ము బ్యాంకులో అలాగే ఉంది. ఒక మధ్యాహ్నం డబ్బు తీసుకుని ఆతిథ్యమిత్రకు వెళ్ళాడు. నూకరాజు బనీనుతో గల్లాపెట్టె దగ్గర కూర్చుని నిమ్మకాయలు ఎంచుతున్నాడు.

“మీకివ్వాల్సింది ఇద్దామని వచ్చేనండి.”

“ఎంతివ్వాలండి?”

“అది మీరే చెప్పాలి.”

“నా రేటు మీ ఆఫీసులో కవర్లో ఉందండి. తెరవకుండా నేనెలా చెప్పేది? నేరం కదండి,” అన్నాడు నూకరాజు, నవ్వు దాచుకుంటూ.

వీరభద్రం ఒక అంకె చెప్పాడు. నూకరాజు తల అడ్డంగా ఊపాడు. “మరీ ఎక్కువండి. పెళ్ళి నా చేతి మీద జరిగిందని పేరొచ్చింది. ఇంకో మూడు ఫంక్షన్లొచ్చేయి.” సగం చెప్పాడు. వీరభద్రం ఒప్పుకోలేదు, బొబ్బట్ల మీద నెయ్యే అంతవుతుందన్నాడు. నూకరాజు ఐస్‌క్రీములో మామిడిపండు లేదన్న సంగతి తనే గుర్తుచేసి ఇంకాస్త తగ్గించాడు. వీరభద్రం పనసపొట్టు కూర పేరు చెప్పి పెంచాడు. టీలు వచ్చాయి, తాగారు, మళ్ళీ టీలు వచ్చాయి. బేరం ఇంత బాగుంటుందని వీరభద్రానికి ఆ వయసులో తెలిసింది. చివరికి ఇద్దరూ చెరో మెట్టు వదులుకుని ఒక చోట ఆగారు.

నూకరాజు డబ్బు పుచ్చుకుని గల్లాలో వేశాడు. “రసీదు రాయమంటారాండి?”

వీరభద్రం నోరు తెరిచాడు. ముప్పయ్యేళ్ళ సర్వీసు మొత్తం నాలుక చివరికి వచ్చి నిలబడింది.

“వద్దులెండి,” అన్నాడు. “కూర్మారావు గారు చూశారంటే, మిగతా రెండు హోటళ్ళక్కూడా నన్ను బేరానికి పంపుతారు.”